మంగళవారానికి కొన్ని కాయలు

"నేను కొట్టను. నువ్వే కొట్టు," అని భార్య జహనారాకి చెప్పేసి నబీ మెట్ల కిందే నిలబడిపోయాడు.

మేడ మీద గది తలుపు నిన్న సాయంత్రం మూసుకుంది. రాత్రి వెళ్ళిన అన్నం పళ్ళెం వెళ్ళినట్టే దిగి వచ్చింది. పొద్దున్నే కూతురు ఇర్ఫానా పట్టుకెళ్ళిన ఉప్మాదీ అదే దారి. లోపల బట్టలు సర్దుతున్న చప్పుడు, పెట్టె మూత పడుతున్న చప్పుడు మాత్రం కిందికి బాగానే వినిపిస్తున్నాయి.

ఆ గదిలోకి లహరి అద్దెకు దిగి ఎనిమిది నెలలు. దిగిన పది రోజులకే ఆ పిల్ల అద్దెకున్న సంగతి అందరూ మరిచిపోయారు. ఇర్ఫానాకి లెక్కలు చెప్పింది, నబీకి బీపీ మాత్రలు గుర్తు చేసింది, జహనారాని ఇంట్లో "అక్కా" అని, ఆఫీసులో "మేడమ్" అని పిలిచింది. ఒకే మనిషిని రెండు పేర్లతో పిలవడం కష్టం కాదా అని నబీ అడిగితే, గుమ్మం దాటగానే అదే మారిపోతుందన్నయ్యా అని నవ్వేది.

ఇప్పుడు ఇంట్లో ముగ్గురూ ఒకరితో ఒకరు సరిగ్గా మాట్లాడుకోవడం లేదు. ఇర్ఫానా తల్లి మొహం చూడకుండా టీ తాగి గ్లాసు కడిగేసుకుంది. ఆ పిల్ల గ్లాసు కడగడం జహనారా అంతకుముందు చూడలేదు. కోపం రాబట్టి ఒక మంచి పనైనా జరిగింది.

"నేను చేసింది తప్పని ఎవరూ అనక్కర్లేదు. నాకు తెలుసు. కానీ ఆఫీసన్నాక తప్పు తప్పని చెప్పాలి కదండీ," అంది జహనారా.

నబీకి హైవే పక్కన లారీలకు సీట్లు కుట్టే షాపుంది. అతను ఏది మాట్లాడినా ఆ షాపులోంచే మాట్లాడతాడు. "మా దగ్గరా కుట్టు వంకర పోతుంది, జహనా. ఆ కుట్టు విప్పి మళ్ళీ కుడతాం. సీటు మొత్తం కోసి పదిమందీ చూసేట్టు రోడ్డు మీద పడెయ్యం."

జహనారా ఇర్ఫానా కడిగిపెట్టిన గ్లాసు తీసి మళ్ళీ కడిగింది. 

ఆమె నందిగామలోని కౌన్సెలింగ్ సెంటర్లో పద్దెనిమిదేళ్ళుగా పని చేస్తోంది. మనసు దెబ్బతిన్నవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, కూర్చుని, మాట్లాడి, మళ్ళీ మనుషుల్లో కలిసేట్టు చూడటం ఆ పని. రెండు నెలల కింద ఆమెని సూపర్‌వైజర్ని చేశారు. అంటే ఇకనుంచి తను పని చేయడం కన్నా కొత్తవాళ్ళకి పని నేర్పడం ఎక్కువ. అందుకు విజయవాడలో ఒక్కరోజు శిక్షణ ఇచ్చి, ఒక ఫైలూ ఒక ఎర్ర పెన్నూ చేతిలో పెట్టి పంపించారు. ముందు మెచ్చుకో, మధ్యలో తప్పు చెప్పు, చివర మళ్ళీ మెచ్చుకో అని ఆ ఫైల్లో ఉంది. అర్థం కానివాళ్ళకోసం రెండు బ్రెడ్డుముక్కల మధ్య కూర బొమ్మ కూడా గీశారు. నిన్న సోమవారం మీటింగులో జహనారా కంగారుపడి బ్రెడ్డు మరిచిపోయింది. కూర ఒక్కటే వడ్డించింది.

అక్కడే కొత్తగా చేరిన లహరి కిందటి మంగళవారం చెవిటికల్లులో మహిమ ఇంటికి వెళ్ళి వచ్చి, విజిట్ పుస్తకంలో ఇలా రాసింది: "గంటన్నర ఉన్నాను. ఎండుమిరపకాయల తొడిమలు తీశాం. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. నేనూ ఏమీ అడగలేదు." జహనారా దాని కింద ఎర్రగీత గీసి, పక్కన "ఇది విజిట్ కాదు" అని రాసింది. అక్కడితో ఊరుకున్నా సరిపోయేది. అందరి ముందూ గట్టిగా చదివింది. సతీష్‌బాబు ముందుగా నవ్వి, "కూలి ఇచ్చారా లహరీ?" అన్నాడు. మిగతావాళ్ళూ నవ్వారు.

జహనారా కూడా నవ్వింది. ఆపాల్సిన మనిషే నవ్వింది.

చివరికి ఆమే మెట్లెక్కి తలుపు కొట్టింది. కొట్టగానే తలుపు తెరుచుకోవడంతో ఏం మాట్లాడాలో సిద్ధం చేసుకోలేకపోయింది.

లహరి కళ్ళు వాచి ఉన్నాయి. గొంతు మాత్రం స్థిమితంగా ఉంది. నాన్నకి ఫోన్ చేశానని, మధ్యాహ్నం ఒంటిగంటకి వీరులపాడు నుంచి ఆటో తీసుకుని వస్తున్నాడని, మూడింటికి రాహుకాలం వస్తుంది కాబట్టి ఈలోపే బయల్దేరతామని చెప్పింది. రాజీనామా కాగితం కవర్లో పెట్టానంది. విజిట్ పుస్తకం కూడా అందించింది.

"ఇది మీ దగ్గరే ఉంచుకోండి, మేడమ్," అంది.

ఇంట్లో, ఇర్ఫానా చెప్పులు ఆరేసిన ఆ మెట్ల మీద నిలబడి, మేడమ్ అంది. జహనారాకి చెంపమీద కొట్టినా అంత బాధ కలిగేది కాదు.

"లహరీ, ఒక్క వారం ఆగి ఆలోచించుకో."

"ఆలోచించా. నాకు ఈ పని రాదని తేలింది కదా. రాని పనికి జనం ఇళ్ళకి ఎందుకెళ్ళడం?"

తలుపు మళ్ళీ మూసుకుంది. ఈసారి గొళ్ళెం పడలేదు, కానీ మూసుకుంది.

జహనారా కిందికి వచ్చి, ఆఫీసుకి ఫోన్ చేసి సెలవు చెప్పి, పుస్తకం బ్యాగులో వేసుకుని, చెప్పులు తొడుక్కుంది. ఎక్కడికని నబీ అడిగితే, జగ్గయ్యపేట అంది. కమలాకుమారి మేడమ్ దగ్గరికా అని అతను మళ్ళీ అడగలేదు. ఈ ఇంట్లో జగ్గయ్యపేట అంటే అదే అర్థం.

*

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఆ రోడ్డు మీద ఆమెకి కిటికీ పక్కన కూర్చుంటే చాలు, వయసు తగ్గిపోతుంది.

పద్దెనిమిదేళ్ళ కింద ఇదే దారిలో, తనకి పని నేర్పిన కమలాకుమారి పక్కన కూర్చుని వెళ్ళేది. అప్పుడు జహనారాకి ఇరవై రెండు. బ్యాగులో టిఫిన్ డబ్బా, నోట్లో సలహాలు, రెండూ నిండుగా ఉండేవి. కమలాకుమారికి అప్పటికే నెరిసిన జడ, మగవాళ్ళు పెట్టుకునే పెద్ద గడియారం. ఏ ఊళ్ళో ఎవరింటికి వెళ్ళినా ఆవిడ అలవాటు ఒకటే. విజిట్ అయ్యాక ఏదో ఒక టీకొట్టు దగ్గర ఆగాలి. టీ గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆ ఇంటి గురించి ఒక్క ముక్క మాట్లాడకూడదు. వేడి వేడి మాట నోరు కాలుస్తుంది, ముందు టీని కాల్చనివ్వు అనేది.

రెండో అలవాటు పుస్తకం. పేజీని నిలువుగా సగానికి మడవాలి. ఎడమ సగంలో ఆ ఇంట్లో అన్న మాటలు రాయాలి. కుడి సగంలో, ఆ మాట విన్నప్పుడు మన లోపల ఏమనిపించిందో రాయాలి. కోపమొస్తే కోపమని, నిద్రొస్తే నిద్రని. దాని మీద ఆవిడ దిద్దేది పెన్సిల్‌తోనే. తప్పు అని ఎన్నడూ రాయలేదు. ఒక ప్రశ్న రాసి ఇచ్చేసేది.

జహనారా మొదటిసారి ఒంటరిగా వెళ్ళిన ఇల్లు గరికపాడులో లారీ డ్రైవర్ అక్రమ్‌ది. అతని భార్య జీనత్ కాన్పయ్యాక పిల్లని ఎత్తుకోవడం మానేసింది. జహనారా గంటసేపు ధైర్యం చెప్పింది. తల్లి ప్రేమ గురించి, ఆరోగ్యం గురించి, ఓపిక గురించి. ఆ గంట తన జీవితంలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదనిపించింది. నాలుగు పేజీలు రాసి మురిసిపోతూ ఇచ్చింది.

మర్నాడు పుస్తకం తిరిగి వచ్చింది. నాలుగు పేజీల చివర పెన్సిల్‌తో ఒకే ప్రశ్న ఉంది. "జీనత్ నీకిచ్చిన టీ ఏమైంది?"

జహనారాకి గుర్తు రాలేదు. ఇచ్చింది, అది గుర్తుంది. తాగిందా? పక్కన పెట్టిందా? చల్లారిపోయిందా? పిల్లని కూడా ఎత్తుకోని మనిషి లేచి వెళ్ళి, పొయ్యి వెలిగించి, తన కోసం టీ పెట్టుకొచ్చింది. తను దాన్ని చూడనే లేదు. ఆ రాత్రి ఏడుపొచ్చింది. కానీ పని మానెయ్యాలని అనిపించలేదు. వచ్చేవారం ఎప్పుడొస్తుందా, వెళ్ళి ఆ టీ ఎప్పుడు తాగుదామా అనిపించింది.

ఏడిపించడంలో కూడా అంత తేడా ఉంటుందని ఆమెకి ఇవాళే తెలిసింది.

*

కమలాకుమారి వరండాలో కూర్చుని పేపర్లో గళ్ళు నింపుతోంది. డెబ్బై రెండేళ్ళు. జడ ఇప్పుడు వేలెడంత అయింది, గడియారం మాత్రం అదే. పెన్సిల్ పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. ఒక గడిలో రాసిన అక్షరం పక్క గడిలోకి జారిపోయింది. ఒకప్పుడు ఆ చేత్తో రాసిన ప్రశ్నలు అచ్చేసినట్టుండేవి. జహనారా చూపు అక్కడ ఆగడం ఆవిడ గమనించింది.

"గళ్ళు చిన్నవైపోయాయిలే. కూర్చో అమ్మాయ్. టీ పెడతా."

జహనారా అక్కడికక్కడే మొదలెట్టబోయింది. ఆవిడ చెయ్యి ఎత్తి ఆపింది. టీ వచ్చింది. ఇద్దరూ తాగారు. బస్సులో రద్దీ గురించి, ఇర్ఫానా చదువు గురించి, ఎండల గురించి మాట్లాడుకున్నారు. గ్లాసు ఖాళీ అయ్యాక జహనారా అంతా చెప్పింది. మీటింగు, ఎర్రగీత, నవ్వులు, పెట్టె, మేడమ్ అన్న పిలుపు. చెప్పి, ఇప్పుడేం చెయ్యమంటారని అడిగింది.

కమలాకుమారి ఏం చెయ్యాలో చెప్పలేదు. మహిమ ఎవరని అడిగింది.

దసరా ముందు కృష్ణలో పడవ తిరగబడి మహిమ భర్త వెస్లీ పోయాడని జహనారా చెప్పింది. అప్పట్నుంచి ఆమె నోరు విప్పలేదు. పని చేస్తుంది, తింటుంది, చర్చికి తీసుకెళ్తే వెళ్తుంది. మాట లేదు. ఆరు నెలల్లో డాక్టరు గారితో కూడా ఒక్క మాట అనలేదు. మొదట్లో తనే నాలుగుసార్లు వెళ్ళింది, లాభం లేకపోయింది. ఆ తర్వాతే కేసు లహరికి ఇచ్చింది.

"పుస్తకం తెచ్చావా?"

జహనారా తీసి ఇవ్వబోయింది. ఆవిడ అందుకోలేదు. "నాకెందుకు? నువ్వే చదువు. నిన్న చదివినట్టే చదువు."

నిన్న అంత గట్టిగా పలికిన గొంతు ఇవాళ ఆ నాలుగు వాక్యాలకే మూడు చోట్ల తడబడింది. ఎర్రగీత దగ్గర ఆగింది.

"అయిపోయిందా?"

"ఇక్కడిదాకానే చదివా, మేడమ్."

"నువ్వు ఎక్కడిదాకా చదివావని కాదు. పేజీ అయిపోయిందా?"

అయిపోలేదు. ఎర్రగీత కింద ఇంకో రెండు వాక్యాలున్నాయి. నిన్న అవి ఆమె కంటికి ఆనలేదు. పైన తప్పు దొరికింది కదా, ఇంక కింద చూడటమెందుకు? జహనారా కళ్ళజోడు సర్దుకుని ఆ వాక్యాలు చదివింది.

"లేచి చెప్పులు వేసుకుంటుంటే మహిమ గారు అన్నారు: 'మంగళవారానికి కొన్ని ఉంచుతా.' నాకేం చెప్పాలో తెలియక తల ఊపి వచ్చేశాను."

 ఆరు నెలల తర్వాత ఒక మనిషి నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. దాని నెత్తిన ఎర్రగీత ఉంది. ఆ గీత గీసింది పద్దెనిమిదేళ్ళ అనుభవం.

"ఆ రోజు ఆ పిల్ల చేతులు మండిపోయాయి, మేడమ్," అంది జహనారా మెల్లగా. "మా ఆయన గిన్నెలో మజ్జిగ పోసిచ్చి చేతులు ముంచుకోమన్నాడు. నేను పక్కనే నిలబడి రోటీలు చేస్తున్నా. ఎందుకు మండాయని అడగలా."

కమలాకుమారి తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "నేను నీ పుస్తకంలో ప్రశ్నలు రాసేదాన్ని కదా. ముందు తిట్లు రాసేదాన్ని. రబ్బరుతో చెరిపేదాన్ని. మళ్ళీ రాసేదాన్ని, మళ్ళీ చెరిపేదాన్ని. ఆ జీనత్ టీ గురించి రాసిన చోట నాలుగుసార్లు చెరిపా. నీ మీద అంత కోపమొచ్చింది."

జహనారాకి ఆ పేజీ కళ్ళముందు కనిపించింది. ఆ ప్రశ్న కింద కాగితం పలచబడి, వెలుతుర్లో పెడితే అవతలి పక్క కనిపించేది. ఇన్నేళ్ళూ అది నాసిరకం కాగితమనే అనుకుంది. ఆవిడ పుట్టుకతోనే నెమ్మదస్తురాలని, తనకి ఆ నెమ్మది ఎప్పటికీ రాదని అనుకుంది. తన కోసం ఒక మనిషి అన్నిసార్లు కోపం దిగమింగిందని తెలిసేసరికి జహనారాకి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడవాలనిపించింది.

"మరి నాకు చెప్పలేదేం?"

"అడగలేదుగా." కమలాకుమారి పేపర్ మీది పెన్సిల్ ముక్క తీసి ఆమె చేతిలో పెట్టింది. "బస్సులో రాసుకో. నిన్నటి మీటింగు. ఎడమ పక్క నీకెలాగూ బాగానే వస్తుంది. కుడి పక్క రాయి."

జహనారా లేచింది. గుమ్మం దాకా వచ్చాక ఆవిడ వెనకనుంచి అడిగింది. "ఇవాళ ఏం వారం, జహనా?"

*

ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటింది. గేటు ముందు ఆటో ఆగి ఉంది. లహరి పెట్టె, పరుపు చుట్ట, ఇర్ఫానా బహుమతిగా ఇచ్చిన పూలకుండీ అప్పటికే వెనక సర్దేశారు.

లహరి తండ్రి చిన్నబాబు హాల్లో కుర్చీ అంచున కూర్చుని నబీతో మిరప దిగుబడి గురించి మాట్లాడుతున్నాడు. జహనారాని చూసి లేచి నిలబడ్డాడు. కూతుర్ని ఎనిమిది నెలలు కన్నబిడ్డలా చూశారని, ఆ సంగతి మరిచిపోయే మనిషిని కానని మర్యాదగానే అన్నాడు. తర్వాత చూపు దించుకున్నాడు.

"కానీ నలుగుర్లో నవ్వులపాలు చేశారంట కదమ్మా. ఇంట్లో నేనెప్పుడూ దాన్ని అలా చెయ్యలేదండి."

"చేశానండి," అంది జహనారా. ఇంకేమీ కలపలేదు.

లహరి మెట్ల మీదే కూర్చుని ఉంది. జహనారా బ్యాగులోంచి నిలువుగా మడిచిన కాగితం తీసి ఇచ్చింది. అడుగడుగునా కుదిపే బస్సులో రాసిన అక్షరాలవి. కమలాకుమారి చేతిరాతకీ దానికీ ఇప్పుడు పెద్ద తేడా లేదు.

ఎడమ సగంలో నిన్నటి మాటలున్నాయి. కుడి సగంలో ఇలా ఉంది: "పుస్తకం తెరిచేటప్పుడు భయం వేసింది. సతీష్‌బాబు నాకన్నా సీనియర్. నన్ను సూపర్‌వైజర్ని చేయడం అతనికి ఇష్టం లేదు. లహరి మా ఇంట్లో ఉంటుంది కాబట్టి వెనకేసుకొస్తానంటాడనుకున్నా. అందుకే ముందు లహరినే పట్టుకున్నా. అతను నవ్వగానే నాకు ధైర్యం వచ్చింది. నాలుగుసార్లు వెళ్ళినా మహిమ నాతో మాట్లాడలేదు. లహరితో కూడా మాట్లాడలేదని చదివి నాకు లోపల కాస్త హాయిగా అనిపించింది."

లహరి చివరి వాక్యం దగ్గర చాలాసేపు ఆగింది.

"ఇది నిజమేనా?"

"నిజమే."

"హాయిగా అనిపించిందా?"

"అనిపించింది. కింద ఇంకా ఉందని చూసుకోలేదు. ఇవాళ చూశా."

లహరి కాగితం మడిచింది. మడత మీద మడత పెట్టి, దాన్ని మళ్ళీ విప్పింది. ఇవాళ మంగళవారమని జహనారా గుర్తు చేయబోయింది, నోటిదాకా వచ్చింది. కానీ ఆ పిల్ల తొడిమలు విరుస్తున్నట్టు బొటనవేలితో వేళ్ళ కొసలు రుద్దుకుంటూనే ఉంది. గుర్తులేకపోవడమేమిటి?

"పొద్దున్నుంచి అదే నా బుర్రలో తిరుగుతుంది," అంది లహరి. "ఉంచుతానంది. ఉంచే ఉంటది. నేను రాకపోతే ఆ కాయలు ఏం చేసుద్దో."

తండ్రి వైపు తిరిగింది. కంచికచర్ల మీదుగా పోదాం నాన్నా, చెవిటికల్లులో కాసేపు ఆగాలి అంది. చిన్నబాబు గోడ గడియారం చూశాడు. ఆగడానికి తనకి అభ్యంతరం లేదని, కానీ అక్కణ్ణుంచి మూడింటిలోపు బండి కదలాలని, మూడు దాటితే నాలుగున్నరదాకా తను కదలనివ్వనని చెప్పాడు. అసలే ఉద్యోగం మానేసి వచ్చే పిల్లని రాహుకాలంలో కూడానా అని గొణుక్కున్నాడు.

లహరి ఆటో దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి చూసింది.

"మీరూ రావచ్చు. కానీ అక్కడ మాట్లాడకుండా కూర్చోగలరా?"

జహనారా తప్పకుండా అనబోయి, నోరు మూసుకుని, తల ఊపింది. గేటు దగ్గర నబీ పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఇది తను చూడని వింత అని, చూడటానికి తనకీ ఆటోలో చోటుందేమో కనుక్కోమని ఇర్ఫానాతో అన్నాడు. నిన్నటి నుంచి మొదటిసారి ఇర్ఫానా నవ్వింది.

*

చెవిటికల్లులో ఆటో రోడ్డు మీదే ఆగింది. చిన్నబాబు అందులోనే కూర్చున్నాడు.

మహిమ ఇంటి ముందు రేకుల పంచలో ఎండుమిరపకాయల గుట్ట ఉంది. మనిషి మోకాలెత్తు. దాని పక్కన ఒక గోనెసంచి మీద విడిగా ఇంకో చిన్న గుట్ట. రెండు పీటలు వేసి ఉన్నాయి. ఒకదాని మీద మహిమ కూర్చుని ఉంది, రెండోది ఖాళీగా ఉంది. ఆ పీట ముందు చిన్న గిన్నెలో కొబ్బరినూనె పెట్టి ఉంది.

లహరి వెళ్ళి ఖాళీ పీట మీద కూర్చుంది. వేళ్ళకి నూనె రాసుకుంది. విడిగా ఉన్న గుట్టలోంచి ఒక కాయ తీసింది. జహనారా కాస్త దూరంగా నేల మీద కూర్చుని తనూ ఒక కాయ తీసుకుంది. మహిమ ఆమె వైపు చూడలేదు.

ఘాటుకి ముందు తుమ్ములు, తర్వాత కళ్ళలో నీళ్ళు. పది నిమిషాలకి మాటలు మొదలయ్యాయి, జహనారా లోపల. ఎలా ఉన్నావమ్మా అని అడగాలి. అత్తగారేరీ అని అడగాలి. రాత్రి నిద్ర పడుతోందా అని అడగాలి. ఏడుసార్లు నోటిదాకా వచ్చినవి ఏడుసార్లూ మింగింది. మింగాక, చేయడానికి ఇంకేమీ లేక, చూడటం మొదలుపెట్టింది.

లహరి చెయ్యి చురుకైనది. ఇంట్లో చిక్కుళ్ళు ఒలిచేటప్పుడు చూసింది కదా. ఇక్కడ అంత చురుగ్గా తీయడం లేదు. మహిమ ఒకటి తీస్తే తనొకటి తీస్తోంది. మహిమ చెయ్యి ఆగి, చూపు ఏటి వైపు పోతే, లహరి చెయ్యి కూడా ఆగిపోతోంది. కాసేపటికి మహిమ మళ్ళీ కాయ అందుకుంటే అప్పుడు తనూ అందుకుంటోంది. ఈ పని ఆ పిల్లకి ఎవరూ నేర్పలేదు. ఏ ఫైల్లోనూ దీనికి బొమ్మ లేదు. తను గంటసేపు మాట్లాడి పాడుచేసుకున్నదాన్ని ఇరవై మూడేళ్ళ పిల్ల మాట లేకుండా చేస్తోంది. జహనారాకి గర్వంగా అనిపించింది, ఆ గర్వపడే హక్కు తనకుందా అని వెంటనే సిగ్గేసింది.

"ఈవిడెవరు?"

గొంతు బొంగురుగా ఉంది, వాడకం తప్పిన తలుపులాగా. మహిమ లహరినే అడిగింది. జహనారా చేతిలో కాయ ఆగిపోయింది. నాలుగుసార్లు ఈ పంచలోనే కూర్చుని వెళ్ళిన మనిషి తను.

లహరి చేతిలోని కాయ తొడిమ విరిచింది. మేడమ్ అనవచ్చు. అక్క అనవచ్చు. ఎవరో అనవచ్చు.

"నేర్చుకుంటానికి వచ్చారు," అంది.

మహిమ తల తిప్పి మొదటిసారి జహనారాని చూసింది. మొహం కాదు, చేతులు చూసింది. ఆమె ముందు నలిగి, గింజలు రాలిపోయిన కాయల్ని చూసింది.

"కాయ నలపొద్దు," అంది. "తొడిమ మొదట్లో బొటనవేలు పెట్టి విరువు. మెల్లగా."

జహనారా అలాగే చేసింది. తొడిమ ఊడి వచ్చింది. మహిమ తల ఊపి, నూనె గిన్నెని కాలితో కాస్త ఆమె వైపు జరిపింది.

రోడ్డు మీంచి హారన్ వినిపించింది. ఒకసారి. కాసేపాగి మళ్ళీ. ఆ చప్పుడుకి మహిమ చెయ్యి ఆగింది.

"టైమెంతైంది?" అడిగింది లహరి, తల ఎత్తకుండా.

మూడుకి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. వెళ్ళొద్దు అనాలని ఉంది జహనారాకి. నీ ఇష్టం అనాలని ఉంది. నన్ను క్షమించు అని అన్నిటికన్నా ఎక్కువగా ఉంది. కమలాకుమారి పెన్సిలూ రబ్బరూ గుర్తొచ్చి, అన్నిటినీ ఒక్కొక్కటే లోపలే చెరిపేసుకుంది. మండుతున్న చెయ్యి చాచి, మణికట్టు మీది గడియారాన్ని లహరి వైపు తిప్పింది.

లహరి చూసింది. మహిమ కూడా గడియారం చూసి, లహరిని చూసి, విడిగా ఉంచిన చిన్న గుట్ట వైపు చూసింది. అది సగం కూడా అవలేదు.

మూడో హారన్ మోగింది. లహరి చేతిలో ఒక కాయ ఉంది. దాని తొడిమ ఇంకా తీయలేదు.